డాక్టర్ సలహా: రూమ్మేట్ మాత్రతో మా వాడి మార్కులు పెరిగాయి.. డోసు పెంచవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయికి 18 ఏళ్లు. తిరుపతిలో హాస్టల్లో ఉంటూ నీట్ లాంగ్‌టర్మ్ కోచింగ్ తీసుకుంటున్నాడు. రూమ్మేట్ ఏడీహెచ్‌డీకి (ధ్యాస, కుదురు నిలవని సమస్య) వాడే మిథైల్‌ఫెనిడేట్ మాత్ర వీడూ వేసుకుంటున్నాడు. మార్కులు పెరిగాయి. 10 ఎంజీ చాలడం లేదట, 20 వేసుకోవచ్చా? మెడికల్ షాపుల్లో ఇవ్వడం లేదు, ఎక్కడ దొరుకుతుంది? ఈ మధ్య సరిగా తినడు, రాత్రిళ్లు గుండె దడ అంటున్నాడు.
– ఒక తండ్రి, చిత్తూరు

జవాబు: మీరు చివర్లో రాసిన గుండె దడ సంగతి మొదట రాయాల్సింది. దడ ఉన్న పిల్లాడికి డోసు పెంచే మాటే లేదు. ఆ మాత్ర ఈరోజే ఆపించండి. రేపటికల్లా డాక్టర్‌కు చూపించి నాడి, బీపీ, ఈసీజీ చూడమనండి. ఛాతీ నొప్పి, ఆయాసం ఉన్నా, కళ్లు తిరిగి పడిపోయినా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి. మీ ఇంట్లో చిన్న వయసులో ఉన్నట్టుండి చనిపోయినవాళ్లు ఉంటే ఆ సంగతీ చెప్పాలి. ఎన్నాళ్లుగా వాడుతున్నాడో మీరు రాయలేదు. ఆపాక కొన్నాళ్లు నీరసం, దిగులు రావచ్చు. ఒంటరిగా వదలకండి.

షాపువాళ్లు ఇవ్వకపోవడం సరైన పనే. ఇది షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే గట్టి ఆంక్షలతో అమ్మే జాబితాలోది. ప్రిస్క్రిప్షన్ రెండు ప్రతులు రాయాలి, ఒకటి షాపులో రెండేళ్లు ఉంచాలి. మత్తుమందుల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం కిందికీ వస్తుంది. స్నేహంతో ఇచ్చినా తప్పే.

నాకు బాధ కలిగించేది ఒకరి మందు ఇంకొకరు మింగడం. ఈమధ్య ఇలాంటి కుర్రాడే వచ్చాడు. మణికట్టు పట్టుకుంటే చెయ్యి చల్లగా, చెమటగా ఉంది, నాడి 120 దాటి కొడుతోంది. జామెట్రీ బాక్సులో బ్లేడుతో సగానికి కోసిన మాత్రలు. ఇంట్లో మాత్రం గ్యాస్ మాత్రలని చెప్పాడట. మీకు తెలిసి కూడా డోసు గురించి అడుగుతున్నారు, అదే నా కోపం.

మందు చెడ్డది కాదు. ఏడీహెచ్‌డీ నిజంగా ఉన్న పిల్లలకు బాగా పనిచేస్తుంది. కానీ ఆ లక్షణాలు 12 ఏళ్ల లోపే, ఇంట్లోనూ బడిలోనూ కనబడి ఉండాలి. పరీక్షల ముందు పుట్టేవి కావు. మొదలుపెట్టే ముందు, ఆ తర్వాతా బరువు, నాడి, బీపీ చూస్తూ ఉంటాం. మీవాడికి అవేవీ చూడలేదు. పైగా రాత్రిళ్లు దడతో నిద్ర చెడితే ఎలా? చదివింది గుర్తుండేది నిద్రపోతేనే.

చదువు మీద నిజంగా ధ్యాస నిలవకపోతే తిరుపతి ప్రభుత్వాసుపత్రి రుయాలో మానసిక వైద్య విభాగంలో చూపించండి. టెన్షన్, దిగులు ఎక్కువైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు మాత్రల స్ట్రిప్ వెంట తీసుకెళ్లండి. రూమ్మేట్ తల్లిదండ్రులకూ చెప్పండి, వాళ్లబ్బాయికి రోజూ పడాల్సిన మాత్ర పడుతోందో లేదో వాళ్లు చూసుకోవాలి.