తొలి నౌకాయానానికి అసలు ఎంతవుతుంది, ఆ డబ్బు ఎక్కడిది?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా విడవలూరు మండలం. నా వయసు 51. ఆరెకరాల్లో సొంత రొయ్యల గుంటలున్నాయి. మా ఆవిడ జిల్లా పరిషత్ హైస్కూల్లో టీచరు. చేతికి 68 వేలు వస్తుంది. అబ్బాయి చెన్నైలో ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. పెళ్లయి పాతికేళ్లు నిండుతున్నాయి కాబట్టి, ఇద్దరం బార్సిలోనాలో ఓడ ఎక్కి మార్సెయ్, జెనోవా, రోమ్, నేపుల్స్ చూసి రావాలని కోరిక. ఏడు రాత్రులకు మనిషికి 1.10 లక్షలని ఏజెంటు చెబుతున్నారు, ఏడాదిపాటు వాయిదాల్లో కట్టవచ్చని కూడా అంటున్నారు. ఈ మే సెలవుల్లోనే వెళ్దామనుకుంటున్నాం. మేత డీలరుకు కట్టాల్సిన డబ్బును ఒక పంట వెనక్కి జరిపితే సర్దుబాటు అవుతుందని నా ఆలోచన. నాకు షుగరు ఉంది. మీ సలహా కావాలి.

జవాబు: మీరు తప్పకుండా వెళ్లవచ్చు. అయితే ఈ మే నెలలో కాదు, 2.20 లక్షలతో కాదు, మేత డీలరు డబ్బుతో అసలే కాదు. ఆ ధర ఎక్కడిదాకా వస్తుందో ముందు చూద్దాం.

ఏజెంటు చెప్పిన మొత్తం కిటికీ లేని లోపలి గదికి, ఒక గదిలో ఇద్దరు ఉంటారన్న లెక్కన వేసిన ధర. అందులో పడక, మూడు పూటలా భోజనం, ఓడలో వినోద కార్యక్రమాలు ఉంటాయి. చెన్నై నుంచి బార్సిలోనాకు రానుపోను విమాన టికెట్లు అందులో లేవు. మనిషికి 70 వేలు చొప్పున 1.40 లక్షలు వేసుకోండి. షెంజెన్ వీసా, అంటే ఐరోపాలోని చాలా దేశాలకు చెల్లే ఒకే వీసా, రుసుము పెద్దవారికి 90 యూరోలు. దానికి దరఖాస్తు కేంద్రం సేవా రుసుము, ప్రయాణ బీమా, వేలిముద్రలకు వెళ్లి రావడం కలిపితే ఇద్దరికీ 30 వేలకు తక్కువ కాదు. ఓడలో పనిచేసే సిబ్బందికని రోజుకు మనిషికి ఇంతని టిప్పు మీ ఖాతాలో దానంతట అదే పడుతుంది. రోజుకు 14 యూరోల చొప్పున చూసినా ఇద్దరికీ వారానికి 196 యూరోలు. యూరోను కాస్త ఎక్కువగానే, 110 రూపాయలుగా, లెక్కిస్తే అది 22 వేలు. ఓడ ఎక్కే ముందు రోజే బార్సిలోనా చేరుకోవాలి, ఎందుకంటే విమానం ఆలస్యమైతే ఓడ మీ కోసం ఆగదు. కనుక ముందొక రాత్రి, దిగాక ఒక రాత్రి హోటలుకు 33 వేలు. రేవుల్లో దిగి ఊళ్లు చూడటానికి 66 వేలు. ఓడలో మంచినీళ్ల సీసాలు, పానీయాలు, ఇంటర్నెట్టు అన్నీ విడిగా కొనుక్కోవాల్సినవే, వాటికి 16,500. ప్యాకేజీ మీద 5 శాతం జీఎస్టీ 11 వేలు. చేతిలో ఉంచుకోవాల్సిన అత్యవసర మొత్తం 40 వేలు. మూలంలో వసూలు చేసే పన్ను, అంటే టీసీఎస్, మరో నాలుగున్నర వేలు. అంతా కలిపితే 5.83 లక్షలు అవుతుంది. ప్రకటనలోని 2.20 లక్షలు ఇందులో సగం కూడా లేవు.

రేవు సుంకాలు ధరలో కలిసి ఉన్నాయో లేదో ఏజెంటును రాతపూర్వకంగా అడగండి. మీకు పైన ఉన్న మోటుపల్లి రేవులో, 2022 దాకా అది ప్రకాశం జిల్లాలో ఉండేది, కాకతీయ గణపతిదేవుడు 1244లో అభయ శాసనం వేయించి, నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ వసూలు చేయబోమని విదేశీ వర్తకులకు మాట ఇచ్చాడు. నేటి నౌకాయాన ప్రకటనల్లో అంత స్పష్టత ఆశించలేం. కొన్నింటిలో సుంకాలు కలిసే ఉంటాయి, కొన్నింటిలో చివరి బిల్లులో కనిపిస్తాయి.

టీసీఎస్ గురించి భయపడనక్కర్లేదు. విదేశీ పర్యటన ప్యాకేజీల మీద ఇది గతంలో ఒక పరిమితి వరకు 5 శాతం, ఆపైన 20 శాతం ఉండేది. 2026 ఏప్రిల్ నుంచి ప్యాకేజీ ఎంతదైనా 2 శాతమే. ఇది ఖర్చు కాదు, మీ పాన్ మీద జమయ్యే ముందస్తు పన్ను, రిటర్ను వేస్తే సర్దుబాటు అవుతుంది లేదా వాపసు వస్తుంది. అసలు చిక్కు ఆ రిటర్ను దగ్గరే ఉంది. మన జిల్లాలో చాలామంది ఆక్వా రైతులు తమది వ్యవసాయ ఆదాయమే కదా అని రిటర్నులు వేయరు. ఆదాయపు పన్ను చట్టం దృష్టిలో చేపలు, రొయ్యల పెంపకం వ్యవసాయ ఆదాయం కాదు, వ్యాపార ఆదాయం. వీసా దరఖాస్తులో గడిచిన సంవత్సరాల రిటర్నులు, ఆరు నెలల బ్యాంకు లావాదేవీలు అడుగుతారు. పట్టుబడి డబ్బు, అంటే రొయ్యలు పట్టి అమ్మిన సొమ్ము, ఒకేసారి ఖాతాలో పడి, దాని వెనక రిటర్ను ఏదీ లేకపోతే, ఆ అధికారికి అది సందేహంగానే కనిపిస్తుంది. మీ రిటర్నుల సంగతి మీరు రాయలేదు; వేయనివి ఉంటే ముందుగా ఆడిటరును కలవండి.

ఇక మే నెల విషయం. మీ శ్రీమతి గారికి సెలవులు దొరికేది అప్పుడే అన్నది నిజమే. కానీ ఫిబ్రవరి, మార్చిలో రొయ్య పిల్ల వదిలిన గుంటలో మే నెల అంటే రొయ్య కౌంటుకు, అంటే అమ్మే సైజుకు, వచ్చే సమయం. ఎండలకు నీటిలో ఆక్సిజన్ పడిపోయి రాత్రంతా నీటిలో గాలి కలిపే ఏరేటర్లు తిరగాల్సిన సమయం. పన్నెండు రోజులు గుమస్తాకు అప్పగించి మీరు నేపుల్స్‌లో ఉంటే, ఒక రాత్రి కరెంటు పోయి జనరేటరు అందుకోకపోతే జరిగే నష్టం ఈ యాత్ర ఖర్చును మించిపోతుంది. పైగా మీ శ్రీమతి గారు ప్రభుత్వోద్యోగి కనుక, సొంత పనిమీద విదేశానికి వెళ్లాలన్నా శాఖ అనుమతి తీసుకోవాలి, ఆ ఫైలు వారంలో తేలేది కాదు. అనుమతి చేతికి రాకముందే వాపసు లేని టికెట్లు కొనడం సరికాదు.

అందువల్ల వచ్చే ఏడాది దసరా సెలవులకు పెట్టుకోమని నా సలహా. అప్పటికి వేసవి పంట పట్టుబడి అయిపోయి, గుంటలు ఖాళీగా ఉండేలా ప్రణాళిక వేసుకోవచ్చు. ఆ తర్వాత ఈశాన్య రుతుపవనాల వానలు, చలి రోజులు వస్తాయి కాబట్టి వెంటనే పిల్ల వదలకపోతే పెద్దగా పోయేదేమీ లేదు. మధ్యధరా సముద్రంలో అక్టోబరు నాటికి జూలై, ఆగస్టుల రద్దీ తగ్గుతుంది, గదుల ధరలూ దిగుతాయి. నేపుల్స్ దగ్గరి పాంపేయి శిథిలాల్లో నీడ దొరకడం కష్టం, కనుక ఎండ తగ్గాక నడవడం షుగరున్న మీకు అన్నివిధాలా మేలు.

మేత డీలరు డబ్బు సంగతి కొంచెం నిక్కచ్చిగా చెప్పాలి. ఆ బాకీకి వడ్డీ లేదని మీకు అనిపించవచ్చు. అరువు మేతకు నగదు రాయితీ పోతుంది. టన్నుల లెక్కన చూస్తే ఆ రాయితీయే మీరు కట్టే వడ్డీ. బాకీ పెరిగితే పట్టుబడి రోజున ఆయన చూపిన బయ్యరుకే సరుకు ఇవ్వాల్సిన పరిస్థితి కూడా వస్తుంది, కిలోకు పది రూపాయలు తగ్గినా మీరు నోరెత్తలేరు. అమెరికా సుంకాల దెబ్బకు 2025లో వనామి రొయ్య ధరలు ఎలా కుదేలయ్యాయో మీకు నేను చెప్పనక్కర్లేదు. అలాంటి ఏడాదిలో పాత బాకీ ఉన్న రైతుకూ లేని రైతుకూ ఎంత తేడా ఉంటుందో కూడా మీరు చూసే ఉంటారు. ఏజెంటు వాయిదాలు దీనికంటే నయమేమీ కాదు. ఏడాదికోసారో రెండుసార్లో డబ్బు చూసే వ్యాపారానికి నెలనెలా కట్టే అప్పు పొసగదు. చివరికి ఆ భారం మీ శ్రీమతి గారి జీతం మీదే పడుతుంది. ఎలాగూ ఆమె జీతంలోంచే పోయేటప్పుడు, వెళ్లొచ్చాక వడ్డీతో కట్టే బదులు వెళ్లేముందే కూడబెట్టడం మంచిది.

ఈ మే నుంచి వచ్చే ఏడాది జూలై దాకా 15 నెలలు, నెలకు 20 వేల చొప్పున ఆమె పేరుతో రికరింగ్ డిపాజిట్ కట్టండి. అసలు మూడు లక్షలు, వడ్డీ 6.5 శాతం అనుకుంటే మరో 13 వేలు. ఆగస్టు నుంచి మూడు నెలల జీతాల్లో పక్కన పెట్టే 60 వేలు ఓడలోనూ రేవుల్లోనూ అయ్యే ఖర్చులకు. మిగిలిన 2.10 లక్షలు రెండు వేసవి పంటల నుంచి రావాలి. ఈ పంటలో లక్ష, వచ్చే పంటలో 1.10 లక్షలు. పంట లాభం అంటే మేత, కరెంటు, పిల్ల బాకీలు తీర్చి, తదుపరి పంటకు పెట్టుబడి పక్కన పెట్టాక మిగిలింది మాత్రమే. అబ్బాయి చివరి సంవత్సరం ఫీజు కూడా ఆ లెక్కకు ముందే తీసేయండి.

గది విషయంలో బాల్కనీకి ఆశపడకండి. మీ ప్రయాణంలో దాదాపు ప్రతి రోజూ ఒక రేవు ఉంది. పొద్దున్నే దిగి, సాయంత్రం అలసిపోయి వస్తారు. ఆ తేడా డబ్బును ఊళ్లు చూడటానికి పెట్టండి. అక్కడ కూడా అన్ని రేవులూ ఒకటి కావు. ఓడ వాళ్లు రోమ్ అని రాస్తారు కానీ ఓడ ఆగేది చివిటావెక్కియాలో. అక్కడి నుంచి రోమ్ సుమారు 70 కిలోమీటర్లు. పది యూరోలు కూడా దాటని లోకల్ రైలు ఉంది, గంట నుంచి గంటంపావు పడుతుంది. అయినా ఆ ఒక్క ఊరికి మాత్రం ఓడ సంస్థ నడిపే బస్సు యాత్రనే కొనుక్కోండి, ఖరీదు ఎక్కువైనా సరే. సంస్థ యాత్రలో ఉన్నవారు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. సొంతంగా వెళ్లినవారు ఆలస్యమైతే ఓడ వెళ్లిపోతుంది, తదుపరి రేవుకు మీ ఖర్చుతో మీరే చేరుకోవాలి. నేపుల్స్‌లో ఆ భయం తక్కువ. ఓడ పాత కోట ఎదురుగానే ఆగుతుంది, క్రీ.శ. 79లో వెసూవియస్ బూడిదలో కూరుకుపోయిన పాంపేయికి చిన్న రైల్లో 40 నిమిషాల లోపే. జెనోవాలో రేవు నుంచి పాత నగరానికి నడిచే పోవచ్చు. ఈ రెండు చోట్లా బస్సు యాత్రకు డబ్బు పోయడం అనవసరం.

మీరు ఎంచుకున్న దారిలో స్పెయిన్, ఫ్రాన్స్, ఇటలీ మూడూ షెంజెన్ దేశాలే, ఒకే వీసా చాలు. ఏజెంటు తక్కువ ధరకని టర్కీ గానీ మాంటెనెగ్రో గానీ తాకి వచ్చే ఓడ చూపిస్తే, షెంజెన్ దాటి తిరిగి రావడానికి బహుళ ప్రవేశ వీసా కావాలి. దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి చేసుకోవచ్చు.

బీమాలో వీసాకు కావలసిన కనీస మొత్తం 30 వేల యూరోలు. అంతటితో ఆగకండి, మీకు షుగరు ఉన్న సంగతి దరఖాస్తులో రాసి, దానివల్ల వచ్చే అత్యవసర వైద్యానికీ, ఓడ నుంచి ఒడ్డుకు తరలించడానికీ వర్తించే పాలసీ అడిగి తీసుకోండి. ఓడలోని డాక్టరు ఫీజు నగరంలోని పెద్ద ఆసుపత్రి బిల్లులా ఉంటుంది, మీ గది ఖాతాలోనే పడుతుంది. ఆ ఖాతాకు డెబిట్ కార్డు ఇవ్వకండి, వాళ్లు ముందుగా పట్టి ఉంచిన మొత్తం దిగాక కూడా కొన్ని రోజులు విడుదల కాదు. విదేశీ లావాదేవీకి అదనపు రుసుము లేని క్రెడిట్ కార్డు ఒకటి చూసుకోండి. దుకాణంలో యంత్రం రూపాయల్లో కడతారా అని అడిగితే యూరోలనే నొక్కండి.

ఏజెంటుకు నగదు ఇవ్వవద్దు. బయానా సంస్థ బ్యాంకు ఖాతాలోనే వేసి, ఓడ సంస్థ బుకింగ్ నంబరు తీసుకుని, ఆ సంస్థ వెబ్‌సైట్‌లో మీ ఇద్దరి పేర్లూ పాస్‌పోర్టులో ఉన్నట్లే కనిపిస్తున్నాయో లేదో మీరే చూసుకోండి. సాధారణంగా మిగతా సొమ్ము ఓడ బయలుదేరడానికి రెండు, మూడు నెలల ముందు కట్టాలి. ఆ గడువు దాటాక రద్దు చేసుకుంటే కోత రోజురోజుకూ పెరుగుతుంది. దసరా ప్రయాణానికి ఆ గడువు జూలైలో పడుతుంది, అప్పటికి మీ పట్టుబడి లెక్క తేలిపోయి ఉంటుంది. విమాన టికెట్లు కూడా ఆ తర్వాతే కొనండి. వైట్ స్పాట్ తెగులు వచ్చో, ధర పడిపోయో పంట దెబ్బతింటే, గడువులోపే రద్దు చేసుకోండి. పోయేది బయానా మాత్రమే, రికరింగ్ డిపాజిట్ సొమ్ము 3.13 లక్షలు అబ్బాయి ఫీజుకో తదుపరి పంటకో అలాగే ఉంటాయి.