నటి అనుమానాస్పద మృతి: నిందితుడి తరఫు న్యాయవాది స్వయంగా ఆధారాలు సేకరించవచ్చా?

సందేహం: మా తమ్ముడు హైదరాబాద్‌లో ఒక టీవీ సీరియల్ నటికి డేట్లు, పారితోషికాలు చూసే మేనేజరు. గత నెల ఆమె తన ఫ్లాటులో మృతి చెంది కనిపించారు. పోలీసులు మొదట అనుమానాస్పద మృతిగా కేసు కట్టారు. ఇప్పుడు ఆమె తల్లిదండ్రులు డబ్బుల కోసం మా తమ్ముడు వేధించాడని, అది హత్య కూడా కావచ్చని ఫిర్యాదు ఇచ్చారు. మా వకీలు గారు ఆ అపార్టుమెంటుకు వెళ్లి వాచ్‌మన్‌తో, మేకప్ అసిస్టెంటుతో మాట్లాడతానంటున్నారు. దర్యాప్తు పోలీసుల పని కదా? సాక్షులను బెదిరించామని తిరిగి మా మీదే కేసు పడదా? – ఒక పాఠకురాలు, విజయవాడ

సమాధానం: దర్యాప్తు అధికారం పోలీసులదేనన్న మీ మాట నిజమే. అయితే నిందితుడి తరఫు న్యాయవాది వాస్తవాలు తెలుసుకోకూడదని ఏ చట్టంలోనూ లేదు. ఆయనకు సోదా చేసే, వస్తువులను స్వాధీనం చేసుకునే, ఎవరినైనా రమ్మని నోటీసు ఇచ్చే అధికారాలు ఉండవు. చూడటానికి, అడగటానికి, దరఖాస్తులు పెట్టడానికి, నిపుణుల అభిప్రాయం తీసుకోవడానికి మాత్రం ఏ అడ్డూ లేదు. నా అనుభవంలో ఇలాంటి కేసులు చెడేది వకీలు తిరిగినందుకు కాదు, దొరికిన ఆధారాన్ని తన చేతిలో పెట్టుకున్నందుకు. ఆధారం ఎక్కడుందో కనిపెట్టి, అది చెరిగిపోకుండా కట్టుదిట్టం చేసి, పోలీసుల ద్వారానో కోర్టు ద్వారానో తెప్పించడమే ఆయన పని.

ముందు కేసు ఏ దశలో ఉందో చూసుకోండి. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 194 కింద జరిగే శవ పంచనామా మరణానికి పైకి కనిపించే కారణాన్ని తేల్చడానికే తప్ప నేరం ఎవరిదో చెప్పడానికి కాదు. తల్లిదండ్రుల ఫిర్యాదుతో పోలీసులు భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 108, అంటే ఆత్మహత్యకు ప్రేరేపించడం, చేర్చే అవకాశం ఉంది. దీనికి పదేళ్ల వరకు శిక్ష పడవచ్చు, పైగా నాన్‌బెయిలబుల్, అంటే బెయిల్ హక్కుగా రాదు. కాబట్టి అపార్టుమెంటు సంగతి కంటే ముందు నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 482 కింద ముందస్తు బెయిల్ దరఖాస్తు సిద్ధం చేయించండి. పోలీసులు నోటీసు ఇచ్చి పిలిస్తే మీ తమ్ముడు తప్పించుకోకుండా వెళ్లాలి. అరెస్టు చేసి విచారిస్తే, విచారణ సాగినంతసేపూ కాకపోయినా, మధ్యలో న్యాయవాదిని కలుసుకునే హక్కును అదే సంహిత సెక్షన్ 38 ఇస్తోంది.

ఆలస్యమైతే మొదట పోయేది సీసీటీవీ ఫుటేజీ. చాలా అపార్టుమెంట్లలో హార్డ్ డిస్కు నిండగానే పాత దృశ్యాల మీద కొత్తవి రికార్డవుతాయి. ఇప్పటికే నెల దాటింది కనుక మీ వకీలు గారు ఈ వారమే అపార్టుమెంటు సంఘానికి ఫలానా తేదీల ఫుటేజీని భద్రపరచమని రిజిస్టర్డ్ పోస్టులో లేఖ రాసి, ప్రతిని దర్యాప్తు అధికారికి ఇచ్చి రసీదు తీసుకోవాలి. వాచ్‌మన్‌ను బతిమాలి పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుని వస్తే, భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం హ్యాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే డిజిటల్ గుర్తుతో) కూడిన ధ్రువీకరణ పత్రం లేనందువల్ల ఆ కాపీ కోర్టులో నిలవడం కష్టం. పైగా దాన్ని మార్చారన్న నింద ఒకటి మిగులుతుంది. కాల్ డేటాకు అంత తొందర లేదు. టెలికాం సంస్థలు దాన్ని కనీసం రెండేళ్లు దాచాలన్న లైసెన్సు నిబంధన ఉంది కనుక నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 94 కింద కోర్టు ద్వారా తెప్పించుకోవచ్చు. డబ్బిస్తే కాల్ డేటా తెచ్చిస్తామనే డిటెక్టివ్‌ల జోలికి మాత్రం వెళ్లకండి. 2018లో ఠాణే పోలీసులు ఇలాంటి వ్యాపారాన్ని బయటపెట్టి పలువురు ప్రైవేటు డిటెక్టివ్‌లను అరెస్టు చేశారు.

ఇక సాక్షుల విషయం. మీ తమ్ముడు గానీ, మీరు గానీ, మీ బంధువులు గానీ మేకప్ అసిస్టెంటుకు ఒక్క ఫోను కూడా చేయకూడదు. పరామర్శకని చేసినా అది రేపు బెయిల్ రద్దు పిటిషనులో మొదటి పేరా అవుతుంది. వకీలు గారు కలవవచ్చు గానీ ఒంటరిగా కలవకూడదు. ఎందుకంటే ఆ సాక్షి రేపు కోర్టులో మాట మారిస్తే, ఆ రోజు ఏం చెప్పిందో రుజువు చేయడానికి వకీలే బోనెక్కాల్సి వస్తుంది. తాను సాక్షి కావలసి వచ్చే కేసులో న్యాయవాది వాదించరాదని బార్ కౌన్సిల్ నియమాలు చెబుతున్నాయి. అందుకే ఒక జూనియర్‌ను వెంట తీసుకుపోవాలి, తాను ఎవరి తరఫు మనిషో మొదటే చెప్పాలి, మాట్లాడటం ఇష్టం లేదంటే వెనక్కి రావాలి. చీటీ మీద సంతకం అడగడం, ఆటో ఖర్చులకని చేతిలో డబ్బు పెట్టడం అస్సలు కూడదు. తప్పుడు సాక్ష్యం చెప్పమని బెదిరించడం న్యాయ సంహిత సెక్షన్ 232 కింద నేరమే గానీ, ఏం చూశారని మర్యాదగా అడగడం నేరం కాదు.

హత్యా, ఆత్మహత్యా అన్న ప్రశ్నకు జవాబు టీవీ చర్చల్లో దొరకదు. శవపరీక్ష నివేదికలో, హైదరాబాద్ రెడ్‌హిల్స్ ఫోరెన్సిక్ లేబొరేటరీ ఇచ్చే విసెరా (లోపలి అవయవాల పరీక్ష) నివేదికలో వెతకాలి. ఉరి అనుమానం ఉంటే మెడ మీద గుర్తు ఏటవాలుగా ఉందా, అడ్డంగా చుట్టూ ఉందా, పెనుగులాడిన గాయాలు ఉన్నాయా అన్నవి స్వతంత్ర ఫోరెన్సిక్ వైద్యుడి చేత చదివించవలసిన అంశాలు. మొదటి వైద్యుడి మాటే చివరి మాట కానక్కరలేదు. 2002 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో నటి ప్రత్యూష మరణించినప్పుడు శవపరీక్ష చేసిన వైద్యుడు గొంతు నులమడం వల్లనే మరణమని చెప్పగా, తర్వాత పరిశీలించిన నిపుణులు దాన్ని అంగీకరించలేదు. సీబీఐ విషం వల్ల మరణమని తేల్చి, హత్య కాకుండా ఆత్మహత్యకు ప్రేరేపణ అభియోగమే మోపింది. నిందితుడికి ఆ నేరం కిందే శిక్ష పడింది.

మీ తమ్ముడి విషయంలోనూ అసలు పోరాటం ప్రేరేపణ మీదే జరుగుతుందని నా అంచనా. బాకీ అడగడం, కోపంలో మాట తూలడం వేరు, చావు వైపు నెట్టడం వేరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన గంగుల మోహన్ రెడ్డి కేసులో, జీతగాడి మీద నగల దొంగతనం మోపి, ఇచ్చిన అడ్వాన్సు 7,000 రూపాయలు తిరిగి అడిగిన రైతుకు కింది కోర్టులు వేసిన శిక్షను సుప్రీంకోర్టు 2010లో కొట్టివేసింది. ప్రేరేపించే ఉద్దేశం, దానికి తగిన చర్య రెండూ ఉండాలని చెప్పింది. ముంబయిలో 2013లో మరణించిన నటి జియా ఖాన్ కేసులోనూ సీబీఐ ప్రత్యేక కోర్టు 2023 ఏప్రిల్‌లో తగిన సాక్ష్యం లేదని నిందితుడిని నిర్దోషిగా విడిచిపెట్టింది, అప్పటికి దాదాపు పదేళ్లు గడిచాయి. కనుక ప్రొడక్షన్ హౌసుల నుంచి వచ్చిన చెల్లింపులు, మీ తమ్ముడి కమీషన్, ఆమె ఖాతాకు వెళ్లిన మొత్తాలు తేదీలవారీగా బ్యాంకు స్టేట్‌మెంట్లతో ఇప్పుడే కూర్చాలి. వాట్సాప్ సందేశాల్లో కటువైనవి ఉన్నా ఒక్కటి కూడా చెరపకూడదు. అవతలి ఫోను ఎలాగూ పోలీసుల దగ్గర ఉంటుంది, ఇక్కడ చెరిపితే న్యాయ సంహిత సెక్షన్ 238 కింద సాక్ష్యం మాయం చేసిన నేరం అదనంగా వచ్చి పడుతుంది.

సేకరించినదంతా ఎప్పుడు బయటపెట్టాలన్నది వకీలు గారికి వదిలేయండి. అభియోగాలు మోపే దశలో నిందితుడి పత్రాలను మామూలుగా చూడనక్కరలేదని సుప్రీంకోర్టు దేవేంద్రనాథ్ పాఢీ కేసులో చెప్పింది కనుక, కొన్నిటిని బెయిల్ దరఖాస్తుకు జతపరచి, మరికొన్నిటిని క్రాస్ ఎగ్జామినేషన్ దాకా దాచవలసి రావచ్చు. అవి యూట్యూబ్ ఛానెళ్ల చేతికి మాత్రం పోకూడదు. ఛార్జిషీటు దాఖలై, మీ తమ్ముడు కోర్టులో హాజరైన 14 రోజుల్లోగా దాని పత్రాలు ఉచితంగా అందాలి. అవి అందాక శవ పంచనామా, శవపరీక్ష నివేదికలతో మళ్లీ రాయండి.