బండి సందేహాలు: పాత జీపు వెనక బ్రేకు సామాను యాడ దొరుకుద్ది?

ప్రశ్న: అన్నా నమస్తే. మాది అల్లూరు మండలం. రొయ్యల గుంటల కాడికి మేత బస్తాలు, డీజిల్ క్యాన్లు తోలుకోడానికి పాత మహీంద్రా ఫోర్ వీల్ జీపు ఉంది, మా నాయన సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. వెనక ఎడమ చక్రం లోపల్నుంచి బ్రేక్ ఆయిల్ కారతా ఉంది, పెడలు రెండు మూడు సార్లు తొక్కితే గానీ బ్రేకు పడటంలా. నెల్లూరులో షాపుల్లో అడిగితే ఈ మోడల్ సామాను రావటం ఆగిపోయి చానా ఏళ్లయింది అంటున్నారు. ఒక మెకానిక్కేమో వెనక లైను మూసేస్తా, ముందు బ్రేకులతో తోలుకో, గుంటల కాడికే కదా అన్నాడు. అట్టా తోలొచ్చా?

జవాబు: లైను మాత్రం మూయించబాక తమ్ముడూ. తడిసిన బంకమట్టి కట్ట మీద నుంచి దిగేటప్పుడు ముందు చక్రాలు రెండే పట్టుకుంటే అవి జారతాయి, జారే చక్రం స్టీరింగ్ మాట వినదు, జీపు నేరుగా గుంటలోకి పోద్ది. పైకి ఎక్కతా మధ్యలో ఆగిపోయి వెనక్కి జారితే ఇంకా ఘోరం, అప్పుడు బరువంతా వెనక చక్రాల మీదే ఉంటది, నువ్వేమో వెనక బస్తాలు వేసుకుని ఉంటావు. ఇంకో సంగతి, ఈ పాత జీపుల్లో చాలా వాటికి మాస్టర్ సిలిండర్ (పెడలు తొక్కితే ఆయిల్‌ని చక్రాలకి తోసేది) ఒకటే లైను, ఇప్పటి బండ్లలో లాగా రెండు భాగాలు ఉండవు. అంటే ఆ ఎడమ చక్రంలో ఆయిల్‌ని ఆపే రబ్బరు కప్పు పూర్తిగా పోయిన రోజు నాలుగు చక్రాల బ్రేకులూ ఒకేసారి పోతాయి. కాబట్టి పని అయ్యేదాకా జీపు షెడ్డులోనే ఉండనీ, నాలుగు రోజులు ఆటో మాట్లాడుకో.

ఇక సామాను. జీపు తయారీ ఆగిపోయింది గానీ బ్రేకు సామాను ఆగిపోలా. మహీంద్రా వాళ్లు 1947 నుంచి విల్లీస్ జీపులు బిగించటం మొదలుపెట్టారు, ఆ వంశంలో పుట్టిన బండ్లు దశాబ్దాల పాటు మన రోడ్ల మీద తిరిగాయి, ఇంకా తిరగతానే ఉన్నాయి, అందుకే వాటి బ్రేకు సామాను చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. తేడా ఎక్కడొస్తదంటే మనం కౌంటర్లో మోడల్ పేరు చెప్పి అడుగుతాం, షాపతను కంప్యూటర్లో ఆ పేరు కొట్టి లేదంటాడు. ఆర్సీలో ఉన్న సంవత్సరం కూడా నమ్మకానికి లేదు, ఇన్నేళ్లలో ఎవరో ఒకరు వేరే జీపు యాక్సిల్ తెచ్చి వేసుంటారు. డ్రమ్ములు (చక్రంతో పాటు తిరిగే బ్రేకు గిన్నెలు) 9 అంగుళాలవీ ఉన్నాయి, 10, 11 అంగుళాలవీ ఉన్నాయి. అందుకని పేరుతో కాదు, కొలతతో అడగాలి, పాత ముక్క చేతిలో పట్టుకుని అడగాలి.

కొలవాలంటే డ్రమ్ము ఊడదియ్యాలి. ఇక్కడ జాగ్రత్త, చానా పాత జీపులకి హ్యాండ్ బ్రేకు చక్రాల్లో ఉండదు, ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక చక్రాలకి బలం పంచే గేరు పెట్టె) వెనక, చక్రాల వైపు పోయే ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద ఉంటది. ఒక వెనక చక్రాన్ని జాకీ మీద లేపావంటే హ్యాండ్ బ్రేకు వేసున్నా బండి కదిలిపోద్ది, రెండు వెనక చక్రాల మధ్య ఉండే డిఫరెన్షియల్ గేర్ల వల్ల గాల్లో ఉన్న చక్రం తిరుగుతుంటే నేల మీదున్నది కూడా దొర్లుద్ది. ముందు చక్రాలకి రెండు పక్కలా రాళ్లు పెట్టి, యాక్సిల్ కింద స్టాండు వేసి అప్పుడు మొదలుపెట్టు. డ్రమ్ము రాకపోతే సుత్తితో బాదనియ్యబాక, టేపర్ యాక్సిల్ (చివర సన్నబడేది) అయితే డ్రమ్ముని పట్టి లాగే పుల్లర్ కావాల్సిందే.

ఊడదీశాక వెర్నియర్‌తో మూడు కొలతలు తీసుకో: డ్రమ్ము లోపలి వ్యాసం, లైనర్ (డ్రమ్ముకి రుద్దుకుని బండిని ఆపే పట్టీ) వెడల్పు, వీల్ సిలిండర్ (చక్రంలో ఆయిల్ వచ్చి చేరేది) బోరు, అంటే దాని లోపలి వ్యాసం. బోరు సైజు చాలాసార్లు సిలిండర్ ఒంటి మీదే పోత పోసి ఉంటది, తుప్పు గీకి చూడు. ముప్పావు అంగుళం అంటే 19.05 మిల్లీమీటర్లు, 7/8 అంటే 22.2, అంగుళం అంటే 25.4. విల్లీస్ కుటుంబంలో 9 అంగుళాల బ్రేకులకి ముందు సిలిండర్ అంగుళం, వెనకది ముప్పావు. కొంతమంది వెనకది దొరకలేదని ముందు దాన్నే తెచ్చి వెనక బిగిస్తారు, బ్రేకు గట్టిగా పడుద్దిలే అని. బోరు పెద్దదైతే బలం పెరుగుద్ది నిజమే, అయితే వెనక చక్రాలు ముందుగా లాక్ అయిపోయి వాన రోడ్డు మీద బండి అడ్డం తిరుగుద్ది, దానికి తోడు ఆయిల్ ఎక్కువ కావాలి కాబట్టి పెడలు ఇంకా లోపలికి పోద్ది. అంత చిన్న తేడాకి మనుషులు పోతారు తమ్ముడూ.

మీ వైపు ఉప్పునీళ్లు కదా, సిలిండర్ విప్పితే లోపల అల్యూమినియం పిస్టన్ చుట్టూ తెల్లటి పొడి, ఇనప బోరులో ఎర్ర తుప్పు గుంటలు కనపడతాయి చూడు. గోరు పెట్టి లాగితే తగులుకుందంటే ఆ సిలిండర్ పారెయ్యి, దాంట్లో కొత్త రబ్బర్ల కిట్ వేసినా మళ్లీ కారుద్ది.

ముందు నెల్లూరు ఆటోనగర్‌లోనే పాత ముక్క పట్టుకుని మళ్లీ తిరుగు, ఈసారి జవాబు వేరుగా వస్తది. దొరక్కపోతే విజయవాడ జవహర్ ఆటోనగర్. నీకు మద్రాసే దగ్గర, నెల్లూరు నుంచి సుమారు 175 కిలోమీటర్లు, జీపీ రోడ్డులో కొత్త సామాను, పుదుపేటలో పాత బండ్లు విప్పిన సామాను. అక్కడా కాకపోతే హర్యానాలో మండీ దబ్వాలీ అని జీపులు కట్టే ఊరు, అక్కడి షాపులకి ఫొటో, కొలతలు పంపి పార్సిల్ తెప్పించుకోవచ్చు. డ్రమ్ము, బ్యాక్ ప్లేటు లాంటివి పుదుపేటలో పాతవైనా పర్లేదు గానీ సిలిండర్, రబ్బర్లు, హోసు పైపు మాత్రం కొత్తవే కొను. పాత డ్రమ్ము కొనేటప్పుడు కొలిచి చూడు, లేతు పట్టించుకుంటా పోతే అసలు సైజు మీద 60 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), అంటే 1.5 మిల్లీమీటర్ల దాకానే మామూలుగా ఒప్పుకుంటారు. 9 అంగుళాల డ్రమ్ము కొత్తప్పుడు 228.6 మిల్లీమీటర్లు, అది 230 దాటి ఉంటే ఊరికే ఇచ్చినా తీసుకోబాక.

బిగించేటప్పుడు రెండు పక్కలా మార్చు, కానీ ఒక పక్క పూర్తయ్యాకే రెండోది విప్పు, చూసుకోడానికి ఒకటి ఉంటది. రెండు షూల (లైనర్లు బిగించే వంపు ఇనప ముక్కలు) మీద లైనర్ పొడవు ఒకటిగా ఉండకపోవచ్చు, ఏది ముందు ఏది వెనకో విప్పకముందే ఫొటో తీసి పెట్టుకో. రబ్బర్లని డీజిల్, పెట్రోలుతో కడగనియ్యబాక, ఉబ్బిపోతాయి. బ్రేక్ ఆయిల్ మాత్రం మూత సీలు విప్పని కొత్త డబ్బాదే పొయ్యి, అది గాల్లో తడి పీల్చుకుంటది, డాట్ 3 రకం ఆయిల్ కొత్తది కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తడి పీల్చినదైతే 140 దగ్గరే మరగొచ్చు. లైన్లో చేరిన గాలి తీసేది మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రంతో మొదలు, అంటే మన బండ్లకి వెనక ఎడమది. ఉప్పునీళ్లలో దిగొచ్చిన రోజు మాత్రం మంచినీళ్లతో చక్రాలు కడిగించు.

ప్రశ్న: మాది కనిగిరి దగ్గర. కొండ కింద తోటకి పోవడానికి మారుతి జిప్సీ నేనే నడుపుతాను. వెనక షూలకి లైనర్లు కొట్టించి ఎక్కువ రోజులు కాలేదు, అప్పుడే ఆయిల్‌తో తడిసిపోయాయి. మళ్లీ లైనర్లు కొట్టించాలా, కొత్త షూలు కొనాలా?

జవాబు: అక్కా, ముందు ఆ ఆయిల్ ఏదో తేల్చండి. వేలితో తీసి చూస్తే పల్చగా ఉండి నీళ్లు పోస్తే కడుక్కుపోతే బ్రేక్ ఆయిల్, సిలిండర్ కారతా ఉన్నట్టు. చిక్కగా ఉండి గంధకం కంపు కొడితే అది యాక్సిల్ గేర్ ఆయిల్, దాన్ని ఆపే సీలు పోయింది. సీలు మార్చేటప్పుడు యాక్సిల్ మీదున్న బ్రీదర్ (లోపలి గాలి బయటికి పోయే చిన్న రంధ్రం మూత) కూడా విప్పించండి, బురదతో మూసుకుపోతే లోపల వేడికి ప్రెషర్ పెరిగి కొత్త సీలుని కూడా తోసుకుని ఆయిల్ బయటికొస్తది. మీకు అంత త్వరగా తడవడానికి ఇదే కారణం అయ్యుండొచ్చు.

తడిసిన లైనర్ పెట్రోలుతో కడిగి ఎండబెట్టినా పనికిరాదు, వేడెక్కితే లోపలి ఆయిల్ మళ్లీ పైకొస్తది. జిప్సీ తయారీ 2019లో ఆగినా మిలిటరీ వాళ్లు విపరీతంగా వాడిన బండి కాబట్టి షూలు ఒంగోలులోనో విజయవాడలోనో దొరుకుతాయి, కొత్త సెట్టే తీసుకోండి. దొరకటం ఆలస్యమైతే పాత షూలకే మళ్లీ లైనర్లు కొట్టించొచ్చు, రివెట్ తలలు లైనర్ లోపలికి బాగా దిగి ఉన్నాయో లేదో మాత్రం చూడండి. లైనర్ మీద సుద్దముక్క రాసి డ్రమ్ములో పెట్టి తిప్పితే ఎక్కడ తగులుతుందో తెలుస్తది, మధ్యలోనో చివర్లోనో మాత్రమే చెరిగితే వెనక్కి ఇచ్చి మళ్లీ రుద్దించండి. పాత లైనర్ల దుమ్ము గాలి గన్నుతో ఊదనివ్వకండి, దాంట్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, తడిగుడ్డతో తుడిపించండి.

బిగించాక తోటదాకా ఒకసారి తోలి, దిగి, రెండు వెనక డ్రమ్ముల దగ్గర చెయ్యి పెట్టి చూడండి, తాకకుండా దగ్గరగా. రెండిట్లో ఒకటే చల్లగా ఉంటే ఆ పక్క బ్రేకు పనిచేయటం లేదు, ఒకటే కాలిపోతుంటే ఆ పక్క షూ వదలటం లేదు, రెండిట్లో ఏదైనా మళ్లీ విప్పాల్సిందే.