హెల్డ్ బాల్ అయినా జంప్ వేయకుండా బంతి అవతలివాళ్లకి ఎందుకిచ్చారు?

బాస్కెట్‌బాల్ మ్యాచ్ ఆఖరి నిమిషంలో మీవాడూ అవతలివాడూ బంతిని పట్టుకుని పెనుగులాడుతుంటే (హెల్డ్ బాల్ అంటే అదే), రిఫరీ రెండు బొటనవేళ్లూ పైకెత్తి, ఇద్దరి మధ్య బంతి ఎగరేసే జంప్ వేయించకుండా బంతి వాళ్లకిచ్చేశాడని కదా మీ బాధ. అది రిఫరీ ఇష్టప్రకారం ఇచ్చింది కాదండి. తర్వాతి వంతు ఏ జట్టుదో చూపించే బాణం స్కోరర్ టేబుల్ మీద ఉంటుంది, అది ఎటు ఉంటే అటే ఇవ్వాలి. ఆడటం మానేశాక కొన్నాళ్లు స్కోరర్‌గా కూర్చున్నాను, ఆ బాణం తిప్పే పని నాదే.

ఫీబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) నియమాల ప్రకారం జంప్ బాల్ ఆట మొదలైనప్పుడే. ఆ జంప్‌లో బంతిని ఎవరు తట్టారన్నది కాదు, ముందుగా ఎవరి అదుపులోకి వచ్చిందన్నది చూస్తారు. అదుపు దక్కని జట్టు వైపు మొదటి బాణం పెడతారు. ఇక అక్కణ్నుంచి హెల్డ్ బాల్ అయినా, బంతి చివర ఎవరికి తగిలి బయటికెళ్లిందో రిఫరీలు తేల్చుకోలేకపోయినా, రింగుకీ బోర్డుకీ మధ్య ఇరుక్కుపోయినా బాణమే దిక్కు. రెండో క్వార్టర్ నుంచి ప్రతి క్వార్టరూ, ఓవర్‌టైమూ మొదలయ్యేది కూడా దానితోనే. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో మాత్రం హెల్డ్ బాల్‌కి ఇప్పటికీ జంపే. టీవీలో అది చూసి చాలామంది తికమకపడతారు.

ఒక జట్టు వంతు అయ్యాక బాణాన్ని రెండో జట్టు వైపు తిప్పాలి. అసలు చిక్కు అది ఎప్పుడు తిప్పాలన్న దగ్గరే ఉంది. కొత్తలో నేను చేసిన తప్పు చెప్తాను. నాలుగో క్వార్టర్‌లో హెల్డ్ బాల్ అయింది, బాణం తెల్ల జెర్సీల వైపు ఉంది. విజిల్ వినపడగానే టెన్షన్‌లో నా చెయ్యి బాణం తిప్పేసింది. రిఫరీ టేబుల్ వైపు చూసేసరికి అది నీలం జట్టు వైపు ఉంది, బంతి వాళ్లకిచ్చాడు. వాళ్లు గీత బయటినుంచి బంతిని కోర్టు లోపలికి వేసుకున్నారు కూడా. తెల్ల జట్టు కోచ్ పరుగున వచ్చాడు. లోపలున్న ఆటగాడి చేతికి బంతి తగిలాక ఇక సరిదిద్దడానికి లేదన్నాడు రిఫరీ. కాకపోతే తెల్ల జట్టు వంతు పోలేదు, తర్వాతి బాణం మళ్లీ వాళ్లదే. మ్యాచ్ అయ్యేదాకా మళ్లీ హెల్డ్ బాల్ రానే లేదు. ఆ కోచ్ ముఖం చూడలేక స్కోర్‌షీట్‌లో తల దూర్చాను.

విజిల్‌కి కాదు, థ్రో-ఇన్ (గీత బయటినుంచి బంతి లోపలికి వేయడం) ముగిశాకే తిప్పాలి. అంటే లోపలున్న ఆటగాడు ఎవరైనా బంతిని సక్రమంగా తాకాక. బంతి వేసే జట్టే తప్పు చేస్తే, ఉదాహరణకి ఐదు సెకన్లలో వేయలేకపోతే, వాళ్ల వంతు అయిపోయినట్టే, అప్పుడూ తిప్పాలి. ఈలోగా ఎవరైనా ఫౌల్ చేస్తే మాత్రం బాణం కదలదు. అవతలివాడు కావాలని కాలితో తన్నినా అంతే, అది సక్రమంగా తాకడం కిందికి రాదు.

ఇంకోటి, హాఫ్‌టైమ్‌లో జట్లు బాస్కెట్లు మారతాయి కాబట్టి బాణాన్నీ తిప్పి పెట్టాలి. వంతు మారదు, దిక్కే మారుతుంది. ఇది మర్చిపోయి మూడో క్వార్టర్ తప్పుడు జట్టుతో మొదలవ్వబోయిన మ్యాచ్‌లు కూడా చూశాను.

మీవాళ్లకి ఒక్క మాట చెప్పండి. డిఫెన్స్‌లో ఉన్నప్పుడు ఓసారి బాణం కేసి చూడమనండి. అది మీ వైపుంటే హెల్డ్ బాల్ తెచ్చుకుంటే చాలు, బంతి మీదే, అది మీరు కాపాడుకునే సగంలో అయితే షాట్ క్లాక్ (షాట్ వేయడానికి ఇచ్చే గడువు) కూడా కొత్తగా 24 సెకన్ల నుంచి మొదలవుతుంది. వాళ్ల వైపున్నా చేసిన పని వృథా కాదు, హెల్డ్ బాల్ అయినప్పుడు వాళ్లకి మిగిలి ఉన్న సెకన్లే ఉంటాయి.