కరీంను ఎందుకు చంపావు?

చిక్కడపల్లి, హైదరాబాద్

అమ్మాయీ,

నీ కథ రెండుసార్లు చదివాను. ఖాళీ గుమ్మిలో ముడుచుకుని కూర్చున్న కరీంకు యాదగిరి చెంబుతో నీళ్లు అందించినప్పుడు, చెంబు అంచు కరీం పళ్లకు తగిలి టకటకమందని రాశావు. ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. ఆ తర్వాత మాత్రం కోపం వచ్చింది. కరీంను ఎందుకు చంపావు?

యాదగిరి నిజాం మీద తిరగబడ్డ సంగం పిల్లవాడు, చీటీలు మోస్తాడు. నిజాం వైపు నిలిచిన రజాకార్లు వాడి మేనమామ ఇల్లు తగలబెట్టారు. కరీం తండ్రి రజాకారు. అప్పగించాలా, దాచాలా? కథను అంతదాకా తెచ్చి, ఎక్కడినుంచో ఒక తూటా తెప్పించావు. కరీం పోయాడు, యాదగిరి ఏడ్చాడు, అయిపోయింది. వాడు తేల్చుకోవాల్సినదాన్ని నువ్వే తేల్చేశావు.

పోలీసు చర్య పేరుతో భారత సైన్యం హైదరాబాద్ సంస్థానం మీదికి రావడం 1948 సెప్టెంబర్ 13న మొదలైంది. 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. నీ కథ కూడా అక్కడే ఆగింది. కరీంలాంటి ముస్లింలకు అసలు భయం ఆ తర్వాతే కదమ్మా! అప్పటి హత్యలను విచారించడానికి కేంద్రం పంపిన సుందర్‌లాల్ కమిటీ నివేదిక చదువు. ఆ రోజుల్లోనూ ఆ తర్వాతా తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది పోయారని అందులో ఉంది. దశాబ్దాలపాటు దాన్ని బయటికి రానివ్వలేదు. కరీంను ఆరో రోజుదాకా బతికించు. తల్లి రొట్టె ఒకటి ఎక్కువ చేస్తే పక్కింటామె ఏమడిగింది? సంగం నాయకుడు ఎదురుపడితే యాదగిరి కళ్లు ఎటు తిప్పాడు? అవి రాయి. దయ అని రాయకు, ఆ ఇంట్లో జొన్నలు ఎన్ని మిగిలాయో రాయి.

నా మొదటి కథ కూడా ఆ రోజులదే. మా నాయనమ్మ చెప్పింది. అప్పుడామెకు పదహారేళ్లు. కలిసి గచ్చకాయలాడిన పిల్ల అర్ధరాత్రి వచ్చి తలుపు కొట్టింది. నాయనమ్మ గడియ మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయింది. నేనూ అలాగే రాశాను. ఒక వారపత్రిక ఎడిటర్ ‘ఈ ముగింపు పాఠకులకు రుచించదు, తలుపు తీయించండి’ అన్నాడు. ఎడిటర్లకు కన్నీళ్లు కావాలి, తప్పు చేసిన మనుషులు వద్దు. ఇప్పటికీ అంతే. అప్పటికి నేను మూడు నెలల గది అద్దె బాకీ ఉన్నాను. తీయించాను.

పత్రిక పట్టుకుని ఊరికి పోయి ఆమెకు చదివి వినిపించాను. చివరిదాకా వింది. పత్రిక నా చేతిలోంచి తీసుకుని మెల్లగా మడిచింది.

“నేను తలుపు తియ్యలే బిడ్డా” అన్నది.

కథ తిరగరాసి తీసుకురా. ఆదివారం ఇంట్లోనే ఉంటాను.