బారులు తీరిన చోట భోజనం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: వేసవి సెలవుల్లో పిల్లలతోనూ, మధుమేహం ఉన్న మా అత్తగారితోనూ కలిసి బెంగళూరు వెళ్తున్నాం. అక్కడ పేరున్న దోసెల హోటల్లో తిని తీరాలని మావారి పట్టుదల. ఆదివారమైతే గంటల తరబడి నిలబడాల్సి వస్తుందని మా ఆడపడుచు అంటోంది. ఒక దోసె కోసం అంతసేపు నిలబడటం అవసరమా?
– ఒక పాఠకురాలు, ఆమదాలవలస

జవాబు: అమ్మా, బారు పొడవు చూసి వెనుదిరగడమూ తొందరపాటే, పొడవుగా ఉంది కనుక రుచి గొప్పదని నమ్మడమూ తొందరపాటే. చూడవలసింది అది ఎంత త్వరగా కదులుతోందన్నది. గాంధీబజారులో 1943 నుంచి నడుస్తున్న విద్యార్థి భవన్ వంటి పాత హోటళ్లలో కూర్చునే చోటు తక్కువ, పెనం మీద ఒక్క విడతకు పట్టే దోసెలూ ఇన్నే అని ఉంటుంది. కాలిన పెనం మీద నీళ్లు చల్లి, చీపురుతో తుడిచి, పిండిని వరసగా పోసి, నెయ్యి వేసి, అడుగు ఎర్రబడ్డాక మడిచి తీసేదాకా వంటవాడు ఎంత చేయి తిరిగినవాడైనా తొందరపెట్టలేడు. బయట వందమంది ఉన్నా ఇద్దరే ఉన్నా ఆ దోసె కాలడానికి పట్టే సమయం మారదు.

అందుచేత చివర చేరగానే ఎందరు లోపలికి వెళ్తున్నారో 5 నిమిషాలు లెక్కపెట్టండి. ఆ 5 నిమిషాల్లో 10 మంది వెళ్లి, మీ ముందు ఇంకా 60 మంది ఉంటే, మీ వంతుకు సుమారు అరగంట పడుతుంది. ఈ లెక్క వెనకనున్న సూత్రాన్ని జాన్ లిటిల్ అనే అమెరికన్ ఆచార్యుడు 1961లో గణితరీత్యా నిరూపించాడు గానీ, రేషన్ దుకాణం ముందు సంచి పట్టుకుని నిలబడిన మన అమ్మమ్మలకు అది ఎప్పటినుంచో తెలిసిన సంగతే. అయితే మీరు ఐదుగురుంటే ఐదుగురికీ ఒకేచోట బల్ల ఖాళీ కావాలని పట్టుబట్టకండి. అలాంటి హోటళ్లలో ముక్కూమొహం తెలియనివారితో బల్ల పంచుకోవడం మామూలే కాబట్టి, ఇద్దరూ ముగ్గురుగా విడిపోయి కూర్చుంటే చాలా ముందుగా పని అవుతుంది.

ఇక మీ అత్తగారి విషయంలో మాత్రం లెక్క వేరు. ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గానీ తీసుకునేవారు మందు పడ్డాక తిండి ఆలస్యం చేస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. భోజనానికి ముందు వేసుకోవలసిన మందును హోటలుకు బయలుదేరేటప్పుడు కాకుండా, తిండి అందుతుందని ఖాయమయ్యాకే వేసుకోవచ్చా అని ఆమె వైద్యుణ్ణి ప్రయాణానికి ముందే అడగండి. చేతిసంచిలో బిస్కెట్లూ, గ్లూకోజు పొడీ ఉంచుకోండి. చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడుతుంటే, మింగగలిగే స్థితిలో ఉన్నప్పుడు 15 గ్రాముల చక్కెర, అంటే సుమారు మూడు చెంచాలు, నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాల తర్వాత మళ్లీ పరీక్షించాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

అరసవల్లిలో రథసప్తమికి అర్ధరాత్రి నుంచే నిలబడే భక్తుడికి ఆ నిలబడటం కూడా మొక్కులో భాగమే, దోసెకు అటువంటి మొక్కేదీ లేదు. ఆదివారం మానుకుని, వారపు సెలవు ఏ రోజో కనుక్కుని, పనిరోజున పొద్దున్నే వెళ్లండి. అప్పుడు కూడా అరగంటకు మించేలా కనిపిస్తే మీవారొక్కరినీ బారులో ఉంచి, మిగిలినవారు పక్క వీధిలో ఇడ్లీ తినేయండి. ఆ ఇడ్లీ కూడా బాగానే ఉంటుంది.

ప్రశ్న: బారులో ఒక్కడే నిలబడి, వంతు రాగానే ఎనిమిది మంది చుట్టాలను పిలుచుకొచ్చేవాణ్ణి ఏమనాలి?
– ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: పేర్లు రాసుకుని పిలిచే హోటలైతే, అతను మొదటే తొమ్మిది మందిమని చెప్పి ఉంటే తప్పేమీ లేదు. ముసలివాళ్లనూ పసివాళ్లనూ నీడన కూర్చోబెట్టి ఒకరు నిలబడటం మర్యాదే, పై జవాబులో నేను చెప్పిందీ దాదాపు అదే. ఒక్కడినే అన్నట్టు నిలబడి చివర్లో ఎనిమిది మందిని దింపితే మాత్రం వెనకున్నవారి లెక్క తారుమారవుతుంది. అతనితో వాదించి లాభం లేదు, పేర్లు రాసుకునే వ్యక్తికి చెప్పండి. కౌంటరు దగ్గర పళ్లేల లెక్కన డబ్బు కట్టించుకునే చోట మీరు చూడవలసింది తలలు కాదు, ముందువాడు ఎన్ని పళ్లేలు అడగబోతున్నాడన్నది. ముగ్గురే ఉన్న బారులో ఒకడు పెళ్లివారందరికీ పార్సిల్ కట్టించుకుంటున్నాడేమో ఒకసారి అడిగి చూడండి.

ప్రశ్న: రంజాన్ నెలలో హైదరాబాదులో హలీం కోసం నిలబడితే సరిగ్గా నా వంతుకు అయిపోయిందన్నారు. మళ్లీ వండించవచ్చు కదా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: వండించలేరండీ. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాదు హలీం, గోధుమలూ మాంసమూ పప్పులూ కలిపి భట్టీ మీద సన్నని సెగన గంటల తరబడి ఉడికించి, కర్రలతో మెదిపితే తయారయ్యేది. దోసె అయిపోతే పెనం మీద ఇంకొకటి పడుతుంది, దేగిసా ఖాళీ అయితే ఇంకొకటి సిద్ధంగా ఉంటే తప్ప ఆ పూటకు అంతే. ఇఫ్తార్ వేళకు రద్దీ ఒక్కసారిగా పెరుగుతుంది కనుక, ఈసారి వెళ్లినప్పుడు బారు చివర చేరకముందే ముందుకు నడిచి, ఇంకా ఎన్ని దేగిసాలున్నాయో వడ్డించేవారిని అడగండి. ఒక్కటే ఉండి, అదీ సగానికి దిగి ఉంటే, మరో దుకాణం చూసుకోండి.