కష్టాల్లో జపం నోటికి రాకపోతే ఏం చెయ్యాలి? నాకు జరిగింది చెప్తాను

మీరు అడిగింది ఇదే కదా, ఇంట్లో కష్టాలు మొదలైన దగ్గర్నుంచి మన క్యాథలిక్కుల జపమాల (రోజరీ) పట్టుకుంటే నోట మాట రావట్లేదు, చర్చిలో పూజకి (మాస్‌కి) వెళ్ళినా మనసు ఎక్కడో ఉంటోంది, దేవుడికి దూరమైపోయానా అని. సరిగ్గా ఇదే భయంతో నేను ఏడాది పైన బతికానండి, అందుకే రాస్తున్నా.

మా అమ్మకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, వాటితో పాటు మాట కూడా పోయింది. మొదటి పదకొండు రోజులు ఐసీయూ బయట కుర్చీల్లోనే గడిచాయి. ఊహ తెలిసినప్పట్నుంచి రోజూ జపమాల చెప్పినదాన్ని, ఆ కుర్చీలో కూర్చుంటే మూడో పూస దాటేదాన్ని కాదు. తలుపు చప్పుడైతే చాలు ఉలిక్కిపడి లేవడం, మళ్ళీ కూర్చుని ఎక్కడిదాకా చెప్పానో గుర్తు రాక మొదటికి రావడం. ఒక రాత్రి విసుగొచ్చి జపమాల బ్యాగు అడుగున పడేశాను, ఇంక నా వల్ల కాదని.

కొన్ని వారాల తర్వాత పాపసంకీర్తనానికి, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి వెళ్ళి, ప్రార్థన మానేశాను ఫాదర్ అని మొదలుపెట్టి ఏడ్చేశాను. ఆయన మందలించలేదు. జపమాలలో ఉండే 53 మంగళవార్త జపాలు (మరియమ్మకి చేసే ప్రార్థన) చెప్పలేకపోతే ఒక్కటే చెప్పమ్మా, కానీ రోజూ ఒకే టైముకి చెప్పు అన్నారు. ఇంకో మాట కూడా చెప్పారు, యేసుసభ (జెస్యూట్లు) స్థాపించిన పునీత ఇగ్నేషియస్ లొయోలా నేర్పిందట: మనసు ఎండిపోయి చీకటిగా ఉన్న రోజుల్లో, బాగున్నప్పుడు చేసుకున్న నిర్ణయాలు మార్చుకోకూడదని. నాకు ఇది బాగా పనికొచ్చింది. జపమాల మానెయ్యాలన్నది ఐసీయూ బయట, నిద్ర లేకుండా తీసుకున్న నిర్ణయం, దాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు అని అప్పుడు అర్థమైంది. సాయంత్రం ఏడింటికి ఒక పరలోక జపం (యేసు నేర్పిన ప్రార్థన), ఒక మంగళవార్త జపం, అంతే పెట్టుకున్నా. రెండు నిమిషాలు కూడా పట్టదు. అయినా కొన్ని రోజులు అదే బరువుగా ఉండేది.

కోపం గురించి కూడా రాశారు మీరు, దేవుడి మీద కోపం వస్తోంది, అది పాపమేమో అని. బైబిల్లో 88వ కీర్తన తెరిచి చదవండి, దయచేసి. మిగతా విలాప కీర్తనలు చాలావరకు చివరికొచ్చేసరికి నమ్మకం వైపో స్తుతి వైపో తిరుగుతాయి, ఇది తిరగదు, చీకటితోనే ఆగిపోతుంది. నన్నెందుకు తోసేశావు, నీ ముఖం ఎందుకు దాచుకుంటున్నావు అని సూటిగా అడుగుతుంది. తిరుసభ (క్యాథలిక్ చర్చి) ఆ కీర్తనని తీసి పక్కన పెట్టలేదు, ప్రతి శుక్రవారం రాత్రి పడుకోబోయే ముందు చెప్పే ప్రార్థనలో పెట్టుకుంది! యేసు ప్రభువు కూడా సిలువ మీద, నా దేవా నన్నెందుకు విడిచిపెట్టావని 22వ కీర్తన మాటల్లోనే అరిచారు. అంతకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో మూడోసారి కూడా అదే మాట చెప్పి ప్రార్థించారని మత్తయి సువార్తలో ఉంటుంది, కొత్త మాటలేం వెతుక్కోలేదు ఆయన.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, కంఠతా వచ్చిన జపాలంటే నాకు కొంచెం చిన్నచూపు ఉండేది, సొంత మాటల్లో చేస్తేనే నిజమైన ప్రార్థన అనుకునేదాన్ని. అది పోయింది మా అమ్మ వల్ల. మూడో నెలలో అనుకుంటా, అప్పటికి అమ్మకి నా పేరు పలకడం కూడా రావట్లేదు, నీళ్ళు కావాలంటే ఎడమ చేత్తో గ్లాసు చూపించేది. ఏడింటికి మంచం పక్కన కూర్చుని నా జపం పైకే చెప్పుకుంటున్నా. "పరిశుద్ధ మరియమ్మా" అని ఊపిరి తీసుకునేలోపు పక్కనుంచి ముద్దముద్దగా, కానీ వరస తప్పకుండా, "ఇప్పుడును మా మరణ సమయమందును" అని వినిపించింది. నేను ఆపేశాను. అమ్మ ఆపలేదు, ఆమెన్ దాకా వెళ్ళింది, అప్పుడు నా వైపు చూసింది, ఎందుకు ఆగావన్నట్టు.

స్పీచ్ థెరపిస్ట్‌ని అడిగితే ఇలా జరుగుతుందన్నారు, సొంతంగా వాక్యం కట్టే శక్తి దెబ్బతిన్నా, అంకెలు, పాటలు, ఏళ్ళ తరబడి చెప్పిన ప్రార్థనలు చాలామందిలో మిగులుతాయట. సగం నిద్రలో, ఎప్పుడైపోతుందా అని చూస్తూ మేం ఇంట్లో చెప్పిన జపాలన్నీ నాకు గుర్తొచ్చాయి. అవేవీ ఎక్కడికీ పోలేదు. కాబట్టి మనసు లేకుండా చెప్తున్నానే అని మీరు బాధపడుతున్నారు చూడండి, ఆ బాధ వదిలెయ్యండి, నోటితో చెప్పండి చాలు. నోరు కూడా రాకపోతే జపమాల చేతిలో పట్టుకుని కూర్చోండి. ఎలా ప్రార్థించాలో మనకి తెలియనప్పుడు మాటల్లో చెప్పలేని మూలుగులతో పవిత్రాత్మే మన కోసం విజ్ఞాపన చేస్తుందని పౌలు గారు రోమీయులకు రాసిన లేఖ 8వ అధ్యాయంలో రాశారు.

ఆదివారం పూజ తప్పిపోతోందని కూడా అన్నారు. రోగిని వదిలి కదల్లేని పరిస్థితి అయితే అది పాపం కాదండి, తీవ్రమైన కారణం ఉంటే ఆ బాధ్యత వర్తించదని తిరుసభ బోధనలన్నీ ఉండే సత్యోపదేశ గ్రంథంలోనే ఉంది. మీ విచారణ గురువుకి (మీ చర్చి ఫాదర్‌కి) ఒక ఫోన్ చెయ్యండి, దివ్యసత్ప్రసాదం (కమ్యూనియన్) ఇంటికి తెచ్చిస్తారు, రోగికి అభ్యంగనం, అంటే నూనె పూసి ప్రార్థన చేసే సంస్కారం కూడా అడగండి, అది చివరి ఘడియల్లో మాత్రమే ఇచ్చేది కాదు. నేను మొహమాటపడి అయిదు నెలలు అడగలేదు, అది నా తప్పే. ఇంకా, రోజుల తరబడి నిద్ర, తిండి లేకుండా ఉంటే డాక్టర్‌కి చూపించుకోండి, ప్రార్థన సరిపోలేదని దానర్థం కాదు.

ఇప్పుడు మేం ఇద్దరం కలిసి జపమాలలోని అయిదు రహస్యాలూ (యేసు, మరియమ్మల జీవిత ఘట్టాలు తలుచుకుంటూ చెప్పే భాగాలు) చెప్తున్నాం, మంగళవారం, శుక్రవారం దుఃఖ రహస్యాలు అమ్మే మొదలుపెడుతుంది. నేను చాలాసార్లు మూడో రహస్యం దగ్గరే నిద్రపోతాను. పునీతురాలైన చిన్న తెరేసమ్మ కూడా ప్రార్థనలో నిద్రపోయేదట, పిల్లలు మేలుకున్నా నిద్రపోయినా తల్లిదండ్రులకి ముద్దే కదా అనుకునేదట. అమ్మ నన్ను లేపదు, మిగతాది తనే పూర్తి చేస్తుంది.